మార్కులు - అక్షరములు



నెల్లూరు జిల్లానుండి ఒక తండ్రి మాకు వ్రాసిన యుత్తరముతో ఈ ప్రసంగమును ప్రారంభింతుము. ఆయన ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. తన పేరును, ఊరును చెప్పవలదని కోరినారు. చెప్పవలసిన యవసరమును లేదు. ఆయన కుమార్తె సూక్ష్మజీవశాస్త్రము ప్రధానాంశముగా బి.ఎస్‌సి. చదివి, నూటికి 68 మార్కులతో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైనది. ఆ యింట ప్రథమశ్రేణి యదియే మొదటిది. పిమ్మట కొన్ని సంవత్సరములు ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేయు ప్రయోగశాలయందు పనిచేసి, ప్రజారోగ్యములో వృత్తివిద్య నభ్యసింపవలెనను కోరికతో అమెరికాలోని విద్యాలయములకు దరఖాస్తు పెట్టుకొన దలచినది.

దరఖాస్తు నింపించుటకై తండ్రియు కుమార్తెయు పట్టణములోని యొక ఇంటర్నెట్టు కేంద్రమునకు వెళ్లిరి. అక్కడి యువకుడు, "అమెరికావారికి మార్కులు తెలియవు, అక్షరములే తెలియును" అని చెప్పి, గోడకు అంటించియున్న పట్టికను చూచినాడు. ఆ పట్టికలో 90కి పైన ఏ, 80కి పైన బీ, 70కి పైన సీ, 60కి పైన డీ. 68కి ఎదురుగా అతడు డీ యని వ్రాసినాడు.

తండ్రి యిట్లు వ్రాయుచున్నారు: "డీ యనగా నేమని మా యమ్మాయి నడిగితిని. తప్పినవానికి ఒక్క మెట్టు పైనున్నవాడట. పట్టము వచ్చిననాడు మేము వీధి యంతయు మిఠాయి పంచితిమి. అయ్యా, ఆ మిఠాయి ఊరకనే పంచితిమా? అమ్మాయి దరఖాస్తు మానుకొందునని కూర్చున్నది. 68కి సరియైన అక్షరమేదో మీరు రేడియోలో చెప్పుడు."

ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. విదేశములలో వైద్యము, న్యాయశాస్త్రము, ఫార్మసీ, ప్రజారోగ్యము మున్నగు వృత్తివిద్యలకు దరఖాస్తు చేసికొను పిల్లలున్న ప్రతి యింటను ఏదో యొకనాడు ఈ లెక్క వచ్చుచునే యున్నది. కావున ముందుగా సమాధానమును చెప్పి, తరువాత కారణములను విన్నవింతుము.

68 అనునది డీ కాదు. అట్లని దానంతట అది ఏ యును కాదు. పట్టిక చెప్పకుండ 68కి అక్షరము లేదు. ఏ పట్టికతో కొలువవలెనో నిర్ణయించు నధికారము దరఖాస్తును స్వీకరించు విద్యాలయమునకు గలదు. దరఖాస్తు పెట్టువారికి లేదు. గోడకు పట్టిక నంటించినవారికి అసలే లేదు.

మన పెద్దల కాలమున ధాన్యమును కుంచములతో కొలిచెడివారు. ఒక యూరి కుంచమునకును, మరియొక యూరి కుంచమునకును భేదముండెడిది. పొరుగూరి సంతకు ధాన్యము తీసికొనిపోవు రైతు, "పది కుంచములు" అన్నంత మాత్రమున బేరము తెగెడిది కాదు, "ఎవరి కుంచము?" అను ప్రశ్న వెంటనే వచ్చెడిది. దేశమంతటికి ఒకే కొలత యుండవలెనని 1956లో తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము చేసికొంటిమి. మెట్రిక్ పద్ధతి వచ్చినది. కాని చదువును కొలుచు కుంచములకు ప్రపంచమంతటికి అట్టి యొకే చట్టము లేదు. ప్రతి దేశమునకు దాని కుంచము దానిదే. తరచుగా ప్రతి విశ్వవిద్యాలయమునకు దాని కుంచము దానిదే.

ఈ కుంచము లెట్లు పుట్టినవో కొంచెము చూతము. అమెరికాలో యేల్ కళాశాలాధ్యక్షుడగు ఎజ్రా స్టైల్స్ 1785లో తాను పరీక్షించిన 58 మంది విద్యార్థులను నాలుగు తరగతులుగా విభజించి, తన దినచర్యలో లాటిను మాటలతో వ్రాసికొనెను. ఉత్తములు 20 మంది, ద్వితీయోత్తములు 16 మంది, తక్కువవారు 12 మంది, మరింత తక్కువవారు 10 మంది. అప్పటికి శాతములు లేవు, అక్షరములు లేవు. వందయేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1897లో, మౌంట్ హోల్యోక్ కళాశాల అక్షరములను శాతములతో జతచేసి యొక పట్టికను ప్రకటించినది. అందులో 95 మొదలు 100 వరకు ఏ. 85 మొదలు 94 వరకు బీ. 76 మొదలు 84 వరకు సీ. సరిగా 75 అయినచో డీ. అంతకు తక్కువయైనచో తప్పినట్లు. మరుసటి సంవత్సరమే ఆ కళాశాల ఆ పట్టికను మార్చినది. పుట్టిన యేడాదికే అక్షరముల హద్దులు జరిగిపోయినవన్నమాట!

ఇక శాతముల సంగతి యేమి? 1912లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టార్చ్, ఎలియట్ అను నిరువురు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రమునకు ప్రతులు తీయించి, నూటికి పైగా ఉన్నతపాఠశాలలకు పంపి, అక్కడి యుపాధ్యాయులచేత దిద్దించిరి. ఒక పత్రమునకు 64 మొదలు 98 వరకు మార్కులు వచ్చినవి. ఇంగ్లీషు గనుక అభిరుచిభేద మనుకొందురేమో యని, మరుసటి యేడు జ్యామితి పత్రముతో అదే పరీక్ష చేసిరి. అందులో అంతరము మరింత పెరిగినది. ఒకరు 28 వేసిరి, వేరొకరు అదే పత్రమునకు 90 దాటించిరి. 68కిని, 69కిని నడుమ నున్న ఒక్క మార్కును అంత నిక్కముగా నమ్మరాదని దీనివలన తేలినది. అక్షరశ్రేణులను సమర్థించువారికి ఇది మంచి యాధారమైనది. వెడల్పైన అయిదారు మెట్లు చాలును, నూరు సన్నని మెట్లు వలదు అని వారి వాదము.

మన దేశములో కథ వేరు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు 1857లో లండను విశ్వవిద్యాలయము నమూనాగా ఏర్పడినవి. బోధించునది ఒక కళాశాల, పరీక్షించునది విశ్వవిద్యాలయము. పత్రమును దిద్దువానికి విద్యార్థి ముఖము తెలియదు. అట్టి పరీక్షలో 60 వచ్చినచో ప్రథమశ్రేణి యని పేరు. మన కళాశాలలలో అనేకులకు జీవితమంతయు చెప్పుకొనదగిన గౌరవ మది. అమెరికా తరగతిగదిలో పాఠము చెప్పిన యుపాధ్యాయుడే ఇంటిపని, చిన్న పరీక్షలు, పెద్ద పరీక్షలు అన్నియు కలిపి మార్కు వేయును. అక్కడ శ్రద్ధగల విద్యార్థికి 90 రావలెనని ఇరువురును ఎదురుచూతురు. రెండు చోట్లను సంఖ్యలు నూటికే లెక్కింపబడుచున్నవి గాని, ఆ రెండు నూరులు ఒకే నూరు కావు.

గోడమీది పట్టికలో నున్న తప్పు ఇదియే. అది అమెరికా తరగతిగదుల పట్టిక. అక్కడి మార్కులకు అది సరిపోవును. దానితో మన మార్కులను కొలుచుట, ఒక యూరి ధాన్యమును మరియొక యూరి కుంచముతో కొలిచి, "తక్కువైనది" అని రైతును నిందించుట వంటిది. విదేశీ పట్టములను తూచుటయే వృత్తిగా గల సంస్థలు అమెరికాలో కలవు. న్యూయార్కులో 1974లో స్థాపింపబడిన వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, మిల్వాకీలో 1980లో స్థాపింపబడిన ఎడ్యుకేషనల్ క్రెడెన్షియల్ ఇవాల్యుయేటర్స్ అట్టివి. వారు మన మార్కులపట్టీని ఒక్కొక్క పాఠ్యాంశముగా పరిశీలించి, మన విశ్వవిద్యాలయపు పద్ధతి ననుసరించి అక్షరములు వేయుదురు. అట్టి పరిశీలనలో మన ప్రథమశ్రేణి మార్కు సామాన్యముగా ఏ అక్షరముతోనే సమముగా నెంచబడుచున్నది. ఒకే 68, గోడమీద డీ, పరిశీలకుల బల్లమీద ఏ.

ఇంత భేదము దేశము మారుటచేతనే కలుగుచున్నదా యని మీరడుగవచ్చును. కాదు. ఒకే దేశములో, ఒకే యక్షరమునకు రెండు విలువలుండుట కలదు. అమెరికా న్యాయవిద్యాలయముల ఉమ్మడి సంస్థ ఏ ప్లస్‌ను 4.33గా లెక్కించును. వైద్యవిద్యాలయముల ఉమ్మడి దరఖాస్తు పద్ధతిలో అదే ఏ ప్లస్‌కు 4.0 మాత్రమే.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రమునుండి మరియొక యుదాహరణ చెప్పుదుము. టొరాంటో పరిసరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వారి పిల్లలలో వైద్యవిద్య కోరువారును కలరు. అక్కడి వైద్యవిద్యాలయములకు ఉమ్మడిగా దరఖాస్తులు స్వీకరించు పద్ధతికి ఓమ్సాస్ అని పేరు. విశ్వవిద్యాలయములు వేరువేరు విధములుగా మార్కులు వేయును గనుక, ఓమ్సాస్ వారు అన్నింటిని ఒకే కొలతకు తెచ్చు పట్టికను ప్రకటించిరి. శాతములకు ఎక్కువగా వాడబడు వరుసలో 90 మొదలు 100 వరకు 4.0, 85 మొదలు 89 వరకు 3.9, 80 మొదలు 84 వరకు 3.7, 77 మొదలు 79 వరకు 3.3, 73 మొదలు 76 వరకు 3.0, 70 మొదలు 72 వరకు 2.7. క్రింది మెట్లును ఇట్లే దిగుచుండును.

శ్రోతలు కాగితమును, కలమును దగ్గర నుంచుకొన్నచో ఈ చిన్న లెక్కను వేసి చూడవచ్చును. ఇరువురు విద్యార్థులు, ఒక్కొక్కరికి రెండేసి పాఠ్యాంశములు. మొదటివానికి 80, 80. రెండవవానికి 90, 70. ఇరువురి సగటును 80 శాతమే. ఓమ్సాస్ పద్ధతిలో ముందు సగటు తీసి తరువాత మార్చరు. ఒక్కొక్క పాఠ్యాంశమును ముందు మార్చి, తరువాత సగటు తీయుదురు. మొదటివానికి 3.7, 3.7, సగటు 3.7. రెండవవానికి 4.0, 2.7, సగటు 3.35. సగటు శాతము ఒక్కటియే యయినను, తుది లెక్కలో ఇంత వ్యత్యాసము!

దీనినుండి విద్యార్థులు గ్రహింపవలసిన సంగతులు రెండు. మొదటిది: 90 దాటిన తరువాత 98 తెచ్చుకొన్నను ఆ పట్టికలో అదనముగా నేమియు రాదు, కాని 79 నుండి 80కి చేరిన ఒక్క మార్కు 3.3ను 3.7 చేయును. ఇష్టమైన పాఠ్యాంశముననే శ్రమ యంతయు ధారపోసి, ఇష్టము లేనిదానిని విడిచిపెట్టువారికి ఈ పట్టిక కఠినముగా నుండును. రెండవది: సగటు శాతమును తీసికొని తానే అక్షరముగా మార్చుకొన్న విద్యార్థి, తన స్థితిని తప్పుగా అంచనా వేసికొనును. కొందరు ఎక్కువగా నూహించుకొని నిరాశ చెందుదురు. కొందరు తక్కువగా నూహించుకొని ప్రయత్నమే మానుకొందురు. ఈ రెండవవారిని గురించియే మాకు విచారము.

ఇక మన యింటి సంగతి. విదేశములవారిని మాత్రమే అనుటకు మనకు వీలులేదు. మనము సైతము ఇటీవల అక్షరములలో ప్రవేశించితిమి. విశ్వవిద్యాలయ నిధుల సంఘము సూచించిన క్రెడిట్ పద్ధతిలో 10 పాయింట్లకు ఓ, 9కి ఏ ప్లస్, 8కి ఏ, 7కి బీ ప్లస్, 6కి బీ, 5కి సీ, 4కి పీ. అనగా మన దగ్గర ఏ యనునది శిఖరము కాదు. పైనుండి మూడవ మెట్టు. మన ఏ ను చూచి పైదేశమువాడు మొదటి మెట్టనుకొనవచ్చును. వాని ఏ ను చూచి మనము మూడవ మెట్టనుకొనవచ్చును. ఒకే యక్షరము, రెండు భాషలు.

అక్షరములను తిరిగి శాతములుగా మార్చుటలోను ఇదే చిక్కు. ఒక విద్యార్థికి పదింటికి 8 పాయింట్ల సగటు వచ్చినదనుకొందము. కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా సి.బి.యస్.ఇ., పదవ తరగతికి పాయింట్లు ఇచ్చిన కాలమున, అనగా 2010 మొదలు 2017 వరకు, దానిని 9.5తో గుణింపుడని చెప్పినది. అట్లు చేసిన 76 శాతము. అఖిల భారత సాంకేతిక విద్యామండలి పట్టిక ప్రకారము 0.75 తీసివేసి పదితో గుణింపవలెను, అప్పుడు 72.5 శాతము. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు సూత్రములో 0.5 తీసివేసి పదితో గుణింతురు; అప్పుడు 75 శాతము. ఈ మూడింటిలో ఏది తప్పు? ఏదియు తప్పు కాదు. ఏ సంస్థ యిచ్చిన పాయింట్లకు ఆ సంస్థ చెప్పిన సూత్రమే సరియైనది. 75 శాతము కోరు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టు నాడు, పొరుగువాని సూత్రముతో లెక్కవేసికొన్నవాడు అర్హత యుండియు వెనుదిరుగును. లేదా అర్హత లేకయే ముందునకుపోయి చిక్కులలో పడును.

మన పదవ తరగతి పట్టీల సంగతియు చూడుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో గ్రేడులు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ 2022లోను, తెలంగాణ 2025లోను తిరిగి మార్కులకు వచ్చినవి. కనుక ఒకే యింట అక్కయొక్క పట్టీలో గ్రేడులును, తమ్ముని పట్టీలో మార్కులును ఉండవచ్చును. అక్క తక్కువ చదివినదని గాని, తమ్ముడు ఎక్కువ చదివినాడని గాని ఆ కాగితములు చెప్పవు.

ఇప్పుడు దరఖాస్తు పెట్టుకొనువారు చేయవలసిన పనులను క్రమముగా విన్నవింతుము.

మొదటిది: ఏ విద్యాలయమునకు దరఖాస్తు పెట్టుచున్నారో, ఆ విద్యాలయపు సూచనలను ఆసాంతము చదువవలెను. "మార్కులను ఉన్నవి ఉన్నట్లు వ్రాయుడు, మార్చవలదు" అని చాల చోట్ల స్పష్టముగా నుండును. అట్లున్నప్పుడు 68 అని, నూటికి అని, ప్రథమశ్రేణి అని వ్రాయవలెను. వారే ఒక పట్టిక నిచ్చి మార్పుమన్నచో, ఆ పట్టికతోనే మార్పవలెను. ఎక్కడనో దొరికిన పట్టికతో కాదు.

రెండవది: విదేశీ పట్టములకు మూల్యాంకనము కోరుచున్నారా, కోరినచో ఏ సంస్థ చేసినది కావలెననుచున్నారో తెలిసికొనవలెను. అమెరికాలోని ప్రజారోగ్య విద్యాలయములు అనేకము ఉమ్మడిగా వాడు సోఫాస్ పద్ధతిలో, విదేశములలో చదివినవారు తమ పట్టీలను ముందుగా మూల్యాంకనము చేయించుకొనవలెను. పట్టము మొత్తమునకు ఒక మాట చెప్పు నివేదిక వేరు. ఒక్కొక్క పాఠ్యాంశమునకు అక్షరము చూపు నివేదిక వేరు. ఏది కోరిరో చూడక రుసుము చెల్లించినచో, రెండుమారులు చెల్లింపవలసివచ్చును.

మూడవది: విశ్వవిద్యాలయమునుండి అధికారికమైన మార్కుల ప్రతులకై ముందుగానే దరఖాస్తు పెట్టవలెను. శ్రేణుల వివరణ, అనగా ఎన్ని మార్కులకు ఏ శ్రేణియో తెలుపు పట్టిక, వాని వెనుక ముద్రింపబడియున్నదో లేదో చూచుకొనవలెను. లేకున్నచో పరీక్షల విభాగమునుండి ఆ వివరమును వ్రాతమూలముగా పొందవలెను. మన కుంచ మెంతదో చెప్పు కాగిత మదియే. గడువుతేదీకి వారము ముందు మేల్కొన్నవారికి అది దొరకుట దుర్లభము.

నాలుగవది: సంఖ్యలను గుండ్రము చేయరాదు. 79.6 ను 80 అని వ్రాయుట చిన్న పనిగా తోచవచ్చును. ఆ చోట మెట్టు మారునప్పుడు అది చిన్నది కాదు. అట్లే తమకు తామే పెద్ద యక్షరము వేసికొనుటయు కూడదు. పరీక్షించి చూచిననాడు అసత్యమని తేలినచో, ఇచ్చిన ప్రవేశమును సైతము రద్దు చేయవచ్చును. తక్కువ వేసికొన్నవారిని మాత్రము ఎవ్వరును పిలిచి, "అమ్మా, నీవు పొరబడితివి" అని చెప్పరు. ఆ తప్పు నిశ్శబ్దముగా నిలిచిపోవును.

అయిదవది: అక్షరము చెప్పలేని సంగతులను చెప్పుటకు దరఖాస్తులో వేరు చోట్లుండును. కళాశాలలో వచ్చిన స్థానము, ప్రయోగశాలలో చేసిన పని, ఉపాధ్యాయులు వ్రాసిన పరిచయపత్రములు అట్టివి. వానిని నిజముగా, పొదుపుగా వ్రాయవలెను.

నెల్లూరు జిల్లా తండ్రికి మేము ఈ సంగతులన్నియు ఉత్తరము ద్వారా ముందే తెలిపితిమి. దరఖాస్తు ఇంకను పంపలేదని, డీ యను నక్షరమును కొట్టివేయించి, నూటికి 68, ప్రథమశ్రేణి యని వ్రాయించితిమని ఆయన జవాబు వ్రాసినారు. మార్కులపట్టీలు మూల్యాంకనమునకు పోయినవట. ఆ విద్యాలయము ఆమెను చేర్చుకొనునో, చేర్చుకొనదో అది వారి నిర్ణయము. అందుకు మార్కులొక్కటే చాలవు. కాని ఆమె తన చదువును పరుల పట్టికతో తానే తగ్గించుకొని, తలుపు తట్టకయే వెనుదిరుగ వలసిన పనిలేదు.

ఆ తండ్రి మమ్మడిగిన మరియొక ప్రశ్నకు ఇంకను సమాధానము చెప్పలేదు. ఆనాడు పంచిన మిఠాయి ఊరక పంచితిమా యని ఆయన యడిగిరి. లేదండి. అది న్యాయముగా పంచిన మిఠాయియే.

సెలవు.